రాతి మీద కేరాఫ్ అడ్రసు

గిద్దలూరులో మా ఆఫీసు కింద ఎవరో కొత్తగా దుకాణం కట్టిస్తున్నారు. ఆఫీసు అంటే పెద్దగా ఊహించుకోవద్దు. ఒక గది, రెండు కంప్యూటర్లు, కరెంటు పోయినప్పుడల్లా మూలిగే ఒక ఇన్వర్టరు. మొన్న పొద్దున మేస్త్రీ గోడకు అంటించే నల్లరాయిని మిషనుతో కోస్తుంటే ఆ దుమ్ము కిటికీలోంచి పైకి వచ్చింది. కిటికీ మూద్దామని లేచిన వాడిని మూయకుండా అక్కడే నిలబడిపోయాను. నాలుక మీద బలపం రుచి తగిలింది. బడిలో చదివే రోజుల్లో నేను బలపంతో రాసినదాని కంటే తిన్నదే ఎక్కువ కాబట్టి ఆ రుచి నాకు చిన్నతనాన్ని గుర్తు చేయాలి. కానీ అది నన్ను అంత వెనక్కి తీసుకుపోలేదు. తొమ్మిదేళ్ల కిందటి మార్కాపురం దాకా తీసుకుపోయి, కంభం రోడ్డు పక్కన ఒక రేకుల షెడ్డులో గురవమ్మ పెద్దమ్మ ఎదురుగా నిలబెట్టింది.

పెద్దమ్మ నాకు చుట్టం కాదు. ఆమెది కొనకనమిట్ల పక్క పల్లె, గొర్రెలు కాచే ఇల్లు. మార్కాపురంలో పలకల పని చేసే ఇంటికి కోడలుగా వచ్చి, భర్త పోయాక ఆ షెడ్డును తానే నడిపింది. గనిలోంచి వచ్చిన రాయిని పొరలు పొరలుగా చీల్చి, కోసి, నున్నగా రుద్ది చట్రాలు బిగించి దేశమంతా పంపిన షెడ్డు అది. నేను చేరేనాటికి బడిపిల్లల పలకలు అడిగేవాళ్లు లేరు. అదే రాయిని గోడలకు అంటించే పలకలుగా కోసి అమ్మాలని ఆమె ప్రయత్నం. పక్కనున్న రెండు షెడ్లు అప్పటికే మూతబడ్డాయి. ఈమె షెడ్డులో ఇంకా పదకొండు మంది పని చేస్తున్నారు. పెద్దమ్మ కళ్లజోడు జారిపోకుండా నల్లదారంతో కట్టుకుని, వచ్చిన ప్రతి రాయినీ వేలితో తట్టి చెవి దగ్గర పెట్టుకుని వినేది. నన్ను కూడా దాదాపు అట్లాగే తట్టి చూసింది.

"ఏం చదివినావు అబ్బయా?"

"డిగ్రీ పెద్దమ్మా. కంప్యూటర్లు."

"ఉద్యోగం?"

"చూస్తున్నాను."

"ఎంతకాలం నుంచి చూస్తున్నావు?"

"రెండేళ్ల నుంచి."

"కళ్లు మంచివే నీకు," అన్నది. "వెబ్‌సైటు చేయను వచ్చునా?"

వచ్చునని చెప్పాను. ఎన్ని చేశావంటే ఒకటి అన్నాను. అదెవరిదంటే నాదే అన్నాను. ఆమె రాయిని పక్కన పెట్టి కాసేపు నన్నే చూసింది. లోపల పగులు లేదనుకున్నదో ఏమో, మర్నాటి నుంచి రమ్మన్నది.

మాట దాచడమెందుకు, నాకు వెబ్‌సైటు కట్టడం రాదు. ఈరోజుల్లో ఎవరూ ఇటుక ఇటుకా పేర్చక్కర్లేదు. ముందే కట్టి ఉంచిన ఇళ్లు ఇచ్చే కంపెనీలున్నాయి. అందులో ఖాతా తెరిచి, ఫొటోలు పెట్టి, నాలుగు మాటలు రాసుకుంటే పేజీ తయారవుతుంది. దానికో అడ్రసు కూడా వాళ్లే ఉచితంగా ఇస్తారు. ఆ అడ్రసులో ముందు మన ఖాతా పేరు, తర్వాత కంపెనీ పేరు ఉంటాయి. సొంత పేరుతో అడ్రసు కావాలంటే ఏడాదికింతని కట్టి విడిగా తీసుకోవాలి. ఇక్కడే చిక్కు వచ్చింది. ఆ ఖాతా నేను కాలేజీ రోజుల్లో స్నేహితుల మధ్య కూర్చుని తెరిచినది. పేరు అడిగితే, జీవితాంతం వెంట వస్తుందని తెలియక, మార్కాపురం మొనగాడు అని కొట్టాను. కాబట్టి నలభై ఏళ్ల చరిత్ర ఉన్న పలకల షెడ్డుకు ప్రపంచంలో దొరికిన మొదటి చిరునామా 'మార్కాపురం మొనగాడు' అని మొదలైంది.

పెద్దమ్మ తెర మీద ఆ అక్షరాలను కూడబలుక్కుని చదివింది. ఇంగ్లీషు అక్షరాలు ఆమెకు లారీ రసీదుల మీద ఊళ్ల పేర్లు చదివి చదివి వచ్చినవి.

"ఇది మనదేనా?"

"మనదే. కాకపోతే వాళ్లు ఊరికే ఇచ్చింది. వాళ్ల పేరు తోక మాదిరి ఉంటుంది."

"అంటే కేరాఫ్ అడ్రసు."

పది నిమిషాలు చెప్పాలనుకున్నదాన్ని ఆమె ఒక్క మాటలో తేల్చేసింది. "అంతే పెద్దమ్మా. సొంతది తర్వాత తీసుకుందాం," అన్నాను.

"మరి ఈ మొనగాడెవరు?"

నేను పేజీని కిందికి జరిపాను. వెనక రాళ్లు రుద్దుతున్న కాసమ్మ తలెత్తకుండానే అందుకుంది. "ఇంకెవరు వదినా, నీ ఎదురుగానే కూర్చోనుండాడు గదా. పొద్దున బల్ల ఒక పక్క పట్టుకోమంటే నడుం పట్టేసిన మొనగాడు."

షెడ్డంతా నవ్వింది. ఖాతా పేరు మార్చడానికి ఆ రోజే రెండు నిమిషాలు కేటాయించాల్సింది. కానీ పెద్దమ్మ అప్పటికే చెక్కేవాణ్ణి పిలిచింది. అరచేతి పాటి రాతి ముక్కలు నమూనాగా ఊళ్లకు పంపుతాం, వాటి వెనక అడ్రసు చెక్కించాలని ఆమె ఆలోచన. కాగితం అంటిస్తే ఊడిపోతుంది, ఫోను నంబరు మారిపోతుంది. అడ్రసు మారదు అని ఆమెకు భరోసా ఇచ్చింది నేనే.

"సొంతది వచ్చినాక చెక్కిద్దాం పెద్దమ్మా," అని నసిగాను.

"వచ్చేదాన్ని చెక్కితే ఎవురికి పనికొస్తది? ఈ పొద్దు పిలిస్తే పలికేది ఏదో దాన్నే చెక్కించు," అన్నది.

చెక్కేవాడు సుబ్బరాయుడు. ఆ చుట్టుపక్కల ఎన్నో ప్రారంభోత్సవాల శిలాఫలకాలు ఆయన చేతివే. అడ్రసు చూసి ఉలి కింద పెట్టాడు. "ఇంత పొడుగు పేరు మంత్రులకు గూడా చెక్కలేదమ్మా," అన్నాడు. అయినా చెక్కాడు, రెండు వందలకు పైగా ముక్కల మీద, ఒక్క అక్షరం తప్పు పోకుండా. నా కుర్రతనపు గొప్పలు అంత గట్టి రాతి మీదికి ఎక్కుతాయని నేనెప్పుడూ అనుకోలేదు.

పెద్దమ్మకు ఒక అలవాటు ఉండేది. రోజూ పొద్దున షెడ్డు తెరిచి, నీళ్లు చల్లి, కంప్యూటరు ముందు కూర్చుని ఒక నమూనా రాయి చేతిలోకి తీసుకునేది. దాని వెనక చెక్కిన అడ్రసును చూపుడువేలితో ఒక్కో అక్షరం కొట్టేది. పేజీ తెరుచుకుంటే సరేనని లేచి పనిలోకి పోయేది. ఆ తతంగం చూడలేక తెర మీదే ఒక గుర్తు పెట్టి, దీన్ని నొక్కితే చాలు అని చూపించాను.

"అది నీ దారి," అన్నది. "కొనే మనిషి చేతిలో ఉండేది ఈ రాయి గదా. ఆ మనిషి వచ్చే దారిలో ముళ్లు పడినాయో లేదో మనం నడిస్తేనే తెలిసేది."

నేను మనసులో నవ్వుకున్నాను. కంప్యూటర్ల డిగ్రీ ఉన్నవాడిని కదా.

నాలుగైదు నెలలకు బెంగళూరు నుంచి ఒక ఇంజినీరు ఫోన్ చేశాడు. అనంతపురం వైపు మనిషి, తెలుగువాడే. మా రాయి ఎవరింట్లోనో చూసి, వెనకున్న అడ్రసు కొట్టి, పేజీలోని నంబరు పట్టుకున్నాడు. "మొనగాడు గారేనా మాట్లాడేది?" అన్నాడు. మర్యాదగానే అన్నాడు, అదే ఇంకా బాధ. అక్కడొక పెద్ద గ్రంథాలయం కడుతున్నారట. నాలుగు వైపులా గోడలకు రాతి పలకలే కావాలి. తనకు నచ్చింది గానీ నిర్ణయం కమిటీది. అయిదుగురు సభ్యుల ఇళ్లకూ తలా ఒక నమూనా పంపమన్నాడు. వాళ్లు రాయి చూసి, పేజీ చూసి, కూర్చుని మాట్లాడుకుంటారు.

ఆ గోడల పని వస్తే షెడ్డులో పదకొండు మందికీ ఏడాది పాటు ఢోకా లేదు. రాకపోతే ఏమవుతుందో కాసమ్మ నా బల్ల దగ్గరికి వచ్చి మరీ చెప్పింది.

"కేశవా, ఆ పని రాకుంటే నేను మిరపకోతకు గుంటూరు పక్కకు పోవాల్సిందే. పోయినేడు మా చెల్లెలు పోయింది. చేతుల మంటకు అన్నం కలుపుకోలేకపోయినాదంట."

"వస్తుందిలే అత్తా," అన్నాను.

అయిదు రాళ్లు బెంగళూరుకు పంపిన రెండు రోజులకే కొనకనమిట్ల నుంచి కబురు వచ్చింది. పెద్దమ్మ అన్న కాలు విరిగి మంచంలో పడ్డాడు, మంద చూసుకునే దిక్కు లేదు. ఆమె సంచి సర్దుకుంటూ నాకు రెండు పనులు అప్పగించింది. "పెద్దోళ్లు చూసే పేజీ. ఆ సొంత అడ్రసేదో ఇప్పుడు తీసుకో. ఫోనుకు దూరంగా పోవద్దు." అంతే, పొదిలి బస్సు ఎక్కింది.

సొంత అడ్రసు ఆ రోజే తీసుకున్నాను. గురవమ్మ పేరు, దాని వెనక పలకలు అనే మాట. చూడడానికి ఎంత హుందాగా ఉందో. కంపెనీవాళ్లు తెలివైనవాళ్లు. పాత ఉచిత అడ్రసు కొట్టినవాళ్లను కూడా దానంతట అదే కొత్త అడ్రసుకు చేరవేసే ఏర్పాటు వాళ్లే చేసి ఉంచారు. నేను అక్కడితో చేతులు కడుక్కుని ఉంటే ఈ కథ లేదు. కానీ ఖాతా మీద మొనగాడు ఇంకా కనబడుతున్నాడు. బెంగళూరు గొంతు చెవిలో తిరుగుతోంది. ఆ పేరు తీసేసి మర్యాదగల పేరొకటి పెట్టాను. పాత లింకులు ఇక పనిచేయవు, సమ్మతమేనా అని తెర అడిగింది. అడిగిందని తర్వాత గుర్తొచ్చింది. అప్పుడు మాత్రం సరే నొక్కాను. చదవకుండా ఒప్పుకోవడంలో మా తరాన్ని మించినవాళ్లు లేరు. తర్వాత కొత్త అడ్రసును పదిసార్లు కొట్టి చూసుకుని మురిసిపోయాను. పాతదాన్ని ఒక్కసారీ కొట్టలేదు.

మూడు వారాలు ఫోను మోగలేదు. బెంగళూరు నుంచే కాదు, ఎక్కడి నుంచీ లేదు. కాసమ్మ రోజూ అడిగేది. పెద్దవాళ్ల పనులు నిదానంగా అవుతాయని రోజూ చెప్పేవాణ్ణి.

పెద్దమ్మ ఒక సోమవారం పొద్దున బస్సు దిగి నేరుగా షెడ్డుకే వచ్చింది. కాళ్లు కడుక్కుని, కళ్లజోడు దారం బిగించుకుని, రాయి చేతిలోకి తీసుకుని కూర్చున్నది. ఒక్కో అక్షరం కొట్టింది. ఆగింది. మళ్లీ మొదటి నుంచి కొట్టింది.

"కేశవా, ఈడ ఏమీ లేదంటుంది."

"అది పాతది పెద్దమ్మా. కొత్తది కొట్టు."

"కొత్తది నాకు తెలుసు. నువ్వు ఫోన్లో చెప్పినావు గదా." చేతిలోని రాయి నా వైపు తిప్పింది. "రాళ్లకు చెప్పినావా?"

అప్పుడు అర్థమైంది నాకు. ఊరూరా ఇళ్లలో, ఆఫీసుల్లో, బెంగళూరులో అయిదుగురి బల్లల మీద ఉన్న ఆ రాళ్లన్నీ మూడు వారాలుగా లేని చోటికి దారి చూపిస్తున్నాయి. ఏం చేశానో మొత్తం చెప్పాను. పేరు చూసి సిగ్గుపడ్డానని కూడా చెప్పాను. ఆమె తిట్టలేదు. ఆ మూడు వారాలూ మంద వెంట తిరిగి వచ్చిన మనిషి, తిరిగినదాని గురించే చెప్పింది.

"మంద ఒక చేలో రెండు మూడు రాత్రులే ఉంటది. మళ్లా ఇంకో చేనుకు తోలతాం. ఇంటి కాడ నుంచి సద్ది తెచ్చే మనిషికి అది తెలవదు. ముందుగాల పాత చోటికే వస్తది. అందుకని పోయేటప్పుడు ఒక కొమ్మ విరిచి, మొన పోయే దిక్కుకు పెట్టి, మీద రాయి పెట్టి పోతాం. ఆ చోట ఇంక మనకేమీ ఉండదు, పెంటికలు తప్ప. అయినా పెట్టాలి."

"పెట్టకపోతే?"

"ఏముంది. అన్నం పాత చోట, మనిషి కొత్త చోట." చేతిలోని రాయి బల్ల మీద పెట్టింది. "నువ్వు కొమ్మ పెట్టకపోవడం గూడా గాదురా. కంపెనీవోడు పెట్టిన కొమ్మనే పీకి పారేసినావు."

వదిలేసిన పేరును ఎవరైనా తీసుకోవచ్చు. మధ్యలో ఎవడైనా తన్నుకుపోయి ఉంటే ఆ రెండు వందల రాళ్లూ వాడి గుమ్మానికే దారి చూపిస్తాయి. గబగబా ఖాతా తెరిచి మార్కాపురం మొనగాడు అని మళ్లీ కొట్టాను. ఖాళీగానే ఉంది. ఆ పేరు మీద మోజుపడేంత తెలివైనవాడు భూప్రపంచంలో నేను తప్ప ఇంకొకడు లేడని ఆ రోజు రుజువైంది. పెద్దమ్మ రాయి చూసుకుంటూ మూడోసారి కొట్టింది. పేజీ తెరుచుకుంది. "ఇప్పుడు బెంగళూరుకు ఫోన్ చెయ్," అన్నది.

ఇంజినీరు గొంతులో కోపం లేదు, విసుగు మాత్రం ఉంది. కమిటీ పోయిన వారమే కూర్చుందట. అయిదుగురిలో ముగ్గురు అడ్రసు కొట్టి చూస్తే ఏమీ లేదని వచ్చిందట. "మీ ఊర్లో షెడ్లు ఒక్కోటీ మూతబడుతున్నాయని అందరికీ తెలుసు కదండీ. మీదీ మూసేశారనుకున్నారు. నేను ఆ రోజు ఊర్లో లేను. వేరే రాయికి సంతకాలు కూడా అయిపోయినాయి," అన్నాడు. పెద్దమ్మ నా చేతిలోంచి ఫోను తీసుకున్నది. "పర్వాలేదు నాయనా. గోడ బాగా కట్టుకోండి," అని పెట్టేసింది.

మధ్యాహ్నం అందరూ అన్నాలకు కూర్చున్నప్పుడు చెప్పాలని మనసులో మాటలు కూర్చుకుంటున్నాను. ఆమె నాకంటే ముందు లేచి నిలబడింది.

"బెంగళూరు పని పోయింది. అడ్రసు మార్చేటప్పుడు నేను పొరపాటు చేసినాను. పాతది మూతబడింది. తప్పు నాది."

నేను నోరు తెరిచాను. ఆమె నా వైపు చూడకుండానే, "కేశవా, ఆ నీళ్ల క్యాను ఇట్ల పట్టుకరా," అన్నది. తెచ్చాను. తెచ్చి, అందరి గ్లాసుల్లో నీళ్లు పోసి, నోరు మూసుకుని కూర్చున్నాను. ఇప్పటికీ తలుచుకుంటే ముఖం వేడెక్కేది తప్పు చేసిన రోజుకు కాదు, ఆ నీళ్లు పోసినందుకు.

ఆ నెలాఖరుకు అయిదుగురు మిరపకోతకు పోయారు. వాళ్లలో కాసమ్మ ఒకతె. పొద్దున్నే మూటలతో బస్టాండుకు పోతుంటే షెడ్డు ముందు ఆగి పెద్దమ్మకు చెప్పి పోయారు. నాకూ చెప్పారు. కాసమ్మ, "నడుం చూసుకో మొనగాడా," అని నవ్వింది కూడా.

షెడ్డు మూతబడలేదు. ఒక ఇంటి ముందు గోడ, ఒక హోటలు మెట్లు, అట్లా చిన్న చిన్న పనులు వచ్చాయి. చాలావరకు ఆ పాత రాళ్లు పట్టుకునే వచ్చాయి. పోయిన అయిదుగురిలో ముగ్గురు మరుసటేడు తిరిగి చేరారు. కాసమ్మ మాత్రం రాలేదు, పామూరులో కూతురింటి దగ్గర ఉండిపోయింది. నేను నాలుగేళ్లు పనిచేసి గిద్దలూరు వచ్చాను. విత్తనాల కొట్లకు, కల్యాణమండపాలకు, కోచింగు సెంటర్లకు పేజీలు చేసి పెడుతున్నాను. సొంత అడ్రసు కావాలని వచ్చిన ప్రతివాణ్ణీ ముందు పాత అడ్రసు ఎక్కడెక్కడ రాయించావని అడుగుతాను. సంచుల మీదా, ఆటోల వెనకా, పెళ్లికార్డుల మీదా? వాళ్లకు విసుగొస్తుంది. ఒకాయనైతే, "కొత్త ఇంటికి పోదామంటే పాత ఇంటి సంగతి అడుగుతావేందయ్యా," అన్నాడు. పెద్దమ్మ చనిపోయి రెండేళ్లయింది. దినాల నాడు ఆమెను ఎరిగినవాళ్లంతా ఆమె గుండె ధైర్యం గురించి, రాయి చూసే నేర్పు గురించి మాట్లాడారు. నా దగ్గరున్న మాట నేనెవరికీ చెప్పలేదు. చెబితే ఆమె మంచితనంతో పాటు నా సంగతీ బయటపడుతుంది కదా.

పోయిన నెల ఒక బట్టల దుకాణం పనిమీద పామూరు పోతే, బస్టాండులో కాసమ్మ కనబడింది. జుట్టు పూర్తిగా నెరిసింది. పక్కన కూర్చోబెట్టుకుని, పెళ్లయిందా, పిల్లలెంతమంది అని వరుసగా అడిగింది. అన్నిటికీ జవాబులు చెప్పి, ఇంక దాచుకోలేక అన్నాను.

"అత్తా, ఆ పొద్దు పెద్దమ్మ చెప్పింది నిజం కాదు. అడ్రసు మార్చింది నేను. మీకు మిరపకోత తెచ్చిపెట్టింది నేను."

"తెలుసులే," అన్నది.

"పెద్దమ్మ చెప్పినాదా?"

"ఆయమ్మ ఎందుకు చెప్తది? ఒక్క వేలితో కొట్టుకునేదే గాని, మార్చడం ఆయమ్మకు వచ్చునా? అంత తెలవనోళ్లమా మేము? ఆడ కూర్చోనున్నోళ్లందరికీ తెలుసు. సుబ్బరాయునికి గూడా తెలుసు."

"మరి ఒక్కరూ నన్ను అనలేదే."

"ఎట్ల అంటాం? ఆయమ్మ తన నెత్తిన పెట్టుకున్నాక మేము దింపేదేంది?" అని పైట సర్దుకున్నది. "కాకుంటే చేలో కాయలు కోసేటప్పుడు మాత్రం అయిదుగురం నిన్ను బాగా తిట్టుకున్నాం. రోజుకొకరం వంతులేసుకోని."

"ఏమని తిట్టినారు?"

"పోరా, పెళ్లాం పిల్లలు ఉన్నోడివి. అవి ఇప్పుడు చెప్తారా?"

ఆమె బస్సు వచ్చింది. కిటికీ పక్క సీటు దొరికించుకుని, చెయ్యి ఊపి, నవ్వుతూ పోయింది.

తొమ్మిదేళ్లు ఆ రహస్యాన్ని నేనొక్కణ్ణే మోస్తున్నాననుకున్నాను. పదకొండు మంది నా ముఖం చిన్నబోకుండా దాన్ని నా దగ్గరే ఉండనిచ్చారు. పెద్దమ్మ నేర్పిన పని ఏదో కొంత వచ్చింది, అన్నం పెడుతోంది. ఆమె మాట కాదనలేక, నా ఎదుట ఒక్కటీ అనకుండా, ఎక్కడో ఎండలో మండే చేతులతో వాళ్లు తిట్టుకున్న ఆ తిట్లున్నాయే, అవి ఒక్కటీ నా చెవిన పడలేదు. నేనింకా మోస్తున్నది వాటినే.